ఎండ పెరగలేదన్న లింగారెడ్డితో డోంగ్లి దాకా

వేసవిలో మా ఊరివాళ్లు ఊటీ వెళతారు, అరకు వెళతారు, నాలుగు డబ్బులు మిగిలినవాళ్లు సింగపూర్ వెళతారు. నేను బాన్సువాడ వెళ్లాను. అదీ ఏప్రిల్ నెలాఖరులో. తిరిగొచ్చిన రోజు మా పక్కింటావిడ గేటు దగ్గరే ఆపేసి, "మొహం అలా కమిలిపోయిందేమిటండీ, ఎవరైనా పొయ్యి ముందు కూర్చోబెట్టారా?" అంది. ఒక విధంగా అంతే జరిగింది. కాకపోతే ఆ పొయ్యి ముందు కూర్చున్న అయిదు రోజులూ నేను నవ్వినంతగా గత అయిదేళ్లలో నవ్వలేదు.

మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. ముప్పై రెండేళ్లు సర్కారు బళ్లో సోషల్ పాఠాలు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. భూమి వేడెక్కుతోందన్న పాఠం ఏటా చెప్పేదాన్ని. ఒక్క పిల్లాడు కూడా "నిజమా టీచర్?" అని అడిగిన పాపాన పోలేదు. అది రెండు మార్కుల ప్రశ్న. రెండు మార్కుల కోసం ఎవడూ గొడవపడడు. ఆ ప్రశ్న మీద జనం గొంతు చించుకుని పోట్లాడుకోవడం నేను మొదటిసారి చూసింది బాన్సువాడ వైపే.

వెళ్లిన కారణం చెప్పాలి. మా పిన్ని కూతురు వరలక్ష్మిని బీర్కూర్ దగ్గర ఇచ్చారు. వాళ్ల మామగారి తరంలోనే గోదావరి జిల్లాల నుంచి కాలవ కింద భూములు కొనుక్కుని అటు వెళ్లి స్థిరపడ్డారు. అలా వెళ్లినవాళ్లు ఇళ్లు కట్టుకున్న చోట్లని అక్కడ క్యాంపులంటారు. "అక్కా, ఒక్కసారి రావే" అని అది పన్నెండేళ్లుగా పిలుస్తోంది. "ఈసారి వస్తా" అని నేనూ పన్నెండేళ్లుగా అంటున్నాను. రిటైరయ్యాక ఇక చెప్పుకోవడానికి సాకు మిగల్లేదు.

బస్సులో పంచాయితీ

నిజామాబాద్‌లో మధ్యాహ్నం బస్సెక్కాను. ఎండవైపు సీటు దొరికింది. నా ముందు సీట్లో ఒక కుర్రాడు కిటికీకి తువ్వాలు కట్టుకుంటూ, "ఇట్లాంటి ఎండ ఎన్నడు చూడలే" అన్నాడు. ఎవరితో అన్నాడో నాకు తెలియదు. పక్కనున్న ముసలాయన మాత్రం అది తనతోనే అన్నట్టు తీసుకున్నాడు.

"నీకు ఎన్నేండ్లు బిడ్డా?"

"ఇరవై మూడు."

"ఇరవై మూడేండ్లోనివి, ఎన్నడు చూడలే అంటున్నవ్. నువ్వు పుట్టకముందు ఎండలు లేకుండెనా? మా కాలంల పిట్టలు రాలిపడుతుండె."

కుర్రాడు ఫోన్ తీసి ఏదో చూపించబోయాడు. ఫోన్‌లో ఏమైనా రాస్తారని ముసలాయన కొట్టిపారేశాడు. అంతే, బస్సు రెండు జట్లయింది. వెనక సీట్లవాళ్లు ముసలాయన వైపు, ఎండ పడుతున్న సీట్లవాళ్లందరూ కుర్రాడి వైపు. కండక్టరమ్మ టికెట్లు కొట్టుకుంటూ వచ్చి తన తీర్పు చెప్పింది: "నేను పదకొండేండ్ల సంది గీ రాడ్ పట్కొని నిలబడుతున్న. ముందుగాల ఉత్త చెయ్యి పెడుతుంటి. ఇప్పుడు బట్ట చుట్టుకుంటున్న. ఇగ మీరే చెప్పుండ్రి."

"అప్పటి రాడ్ వేరే, గిది వేరే," అన్నాడు ముసలాయన. ఆయన్ని ఓడించడం అంత తేలిక కాదు.

నాకు నోరు దురద పుట్టింది. "అసలు సంగతేమిటంటే" అని మొదలుపెట్టానో లేదో, ముసలాయన వెనక్కి తిరిగి, "అక్కా, నువ్వేం జేస్తుంటవ్?" అన్నాడు. టీచర్‌నన్నాను. "ఏసీ స్కూలా?" రేకుల షెడ్డు అన్నాను. "అట్లయితే మాట్లాడు" అని అనుమతి ఇచ్చాడు. సరిగ్గా అప్పుడే బస్సు గుంతలో పడింది. పై అరలో పెట్టిన పూతరేకుల డబ్బా వచ్చి నా ఒళ్లో పడింది. ఆత్రేయపురం నుంచి ప్రత్యేకంగా తెప్పించినవి. నెయ్యి మొత్తం కరిగి చీర మీదికి కారింది. నా పాఠం అక్కడితో ఆగిపోయింది. బస్సంతా తలా ఒక ముక్క తిని, ఇది కాగితమా, తినేదా అని కొత్త చర్చ మొదలుపెట్టారు. వరలక్ష్మికి చివరికి ఖాళీ డబ్బా ఇచ్చాను.

బాన్సువాడ బస్టాండు దగ్గర

వరలక్ష్మి భర్త, మా మరిది సత్యనారాయణ గారు బండి మీద వచ్చేదాకా అరగంట బస్టాండు బయట నిలబడ్డాను. కొబ్బరిబోండాల వాడు ఒక్కోటి అరవై రూపాయలన్నాడు. కోనసీమ మనిషిని, అరవై అనగానే గుండె జారిపోయింది. మా ఇంటి చెట్టుకి వేలాడుతున్న గెలలన్నీ ఆ క్షణాన ఆస్తిలాగా కనిపించాయి. పంతానికి పోయి చెరుకు రసం తాగాను. ఇరవై రూపాయలకి పెద్ద గ్లాసు, నిమ్మకాయా అల్లం వేసి. చెరుకు చుట్టుపక్కల ఊళ్లదేనట. ఒక గ్లాసుతో ఆపలేకపోయాను.

మరిది వచ్చాక ఆయన బండి దగ్గరికి నడుస్తుంటే కుడికాలి చెప్పు రోడ్డుకే ఉండిపోయింది. తారు మెత్తబడి పట్టేసింది. ఉత్తకాలు కింద పెట్టి వెంటనే పైకి ఎత్తాను. ఒంటికాలి మీద నిలబడ్డ నన్ను చూసి పళ్లబండి ఆవిడ నవ్వు ఆపుకుంటూ చెప్పు పీకి ఇచ్చింది. "ఏం ఫికర్ లేదమ్మా, దినాం నలుగురైదుగురివి తీసిస్త" అంది.

క్యాంపులో రెండు థర్మామీటర్లు

వరలక్ష్మి ఇంట్లో అడుగుపెడితే మా ఊళ్లోనే ఉన్నట్టుంది. అదే ఆవకాయ, అదే ముక్కల పులుసు, పెరట్లో అదే గోంగూర. కానీ సాయంత్రానికల్లా పక్క ఊరి నుంచి గిన్నెల్లో జొన్న రొట్టెలూ, పచ్చిపులుసూ వచ్చేశాయి. పంపింది లింగారెడ్డి గారి భార్య. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని వరలక్ష్మి అందులో ఆవకాయ వేసింది. ముప్పై ఏళ్లుగా ఆ గిన్నెలు అలా తిరుగుతున్నాయట.

లింగారెడ్డి గారిది ఆ ఊరే, తాతల కాలం నుంచి. ఆయన పొలమూ మా మరిది పొలమూ ఒకే తూము కింద ఉన్నాయి. ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఇద్దరికీ ఒక్క విషయంలోనే పడదు. ఎండ ఏటికేడు పెరుగుతోందని మా మరిది, పెరగలేదని లింగారెడ్డి గారు.

మర్నాడు పొద్దున్నే లింగారెడ్డి గారు నన్ను చూడ్డానికే వచ్చారు. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, మెడలో తువ్వాలు, కళ్లనిండా కొంటెతనం. "టీచరమ్మా, నువ్వు జర్ర న్యాయంగ చెప్పాలె. మీ మరిది తన థర్మామీటర్ చూసి నన్ను దినాం బెదిరిస్తుండు."

"అది అబద్ధం చెప్పదు కదండీ," అన్నారు మా మరిది.

ఆ థర్మామీటర్ చూశాను. పడమటి గోడకి, రేకుల కింద మేకు కొట్టి వేలాడదీశారు. అక్కడ చెయ్యి పెడితే అప్పడం వేగేట్టుంది. "మరి మీది ఎక్కడుంది?" అని లింగారెడ్డి గారిని అడిగాను. గర్వంగా వాళ్లింటికి తీసుకెళ్లి చూపించారు. రెండు మూరల మందం మట్టిగోడల గది. ఆ గదిలో నీళ్ల రంజన్, ఆ మట్టికుండ మెడకి దారంతో కట్టిన థర్మామీటర్. నాకు నవ్వాగలేదు. ఒకాయన పొయ్యిలో పెట్టి కొలుస్తున్నాడు, ఒకాయన చల్లకుండకి కట్టి కొలుస్తున్నాడు. ఇద్దరూ నిజాయితీపరులే. ఎవరికి కావలసిన అంకె వాళ్లకి రోజూ వస్తోంది.

ఇంక నాలో టీచర్ లేచింది. మామిడిపళ్లు వచ్చే చెక్కపెట్టె ఒకటి తెప్పించి, సున్నం వేయించి, గాలి ఆడేలా, ఎండ పడకుండా, నిలబడ్డ మనిషి గుండె ఎత్తులో, గడ్డినేల మీద గుంజ పాతి కట్టించాను. రెండు థర్మామీటర్లూ అందులో పెట్టించాను. మధ్యాహ్నానికి రెండూ ఒకే అంకె చూపించాయి. క్యాంపంతా వచ్చి చూసిపోయింది.

"ఇప్పుడు చెప్పు టీచరమ్మా, ఎండ పెరిగినట్టా, పెరగనట్టా?" అన్నారు లింగారెడ్డి గారు.

నిజం చెప్పాల్సి వచ్చింది. ఒక్క రోజు అంకె చూసి ఆ మాట చెప్పలేమనీ, ప్రపంచమంతా ఇలాంటి పెట్టెల్లో తరాల తరబడి రాసుకున్న లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుందనీ, అలా చూసినవాళ్లు పెరిగిందనే చెబుతున్నారనీ అన్నాను.

"మరి గీ పెట్టె ఎందుకు గట్టిచ్చినవ్?"

ఆయన పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. చెప్పొద్దూ, లోపల కొంచెం ఉడుకుమోత్తనం కూడా వచ్చింది.

రోడ్డు పక్క వడ్లు

ఆ ఎండ గొడవ సరదా గొడవ కాదని మూడో రోజు తెలిసింది.

అది యాసంగి కోతల కాలం, మనం రబీ అంటాం. మిషన్ కోసిన వడ్లలో తేమ ఎక్కువుంటుంది. అది తగ్గితే తప్ప కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. అందుకని కాలవ పక్క రోడ్డు పొడుగునా పరదాలు పరిచి వడ్లు ఆరబోస్తారు. మా వైపూ ఆరబోస్తారు గానీ ఇంత పొడుగున నేను చూడలేదు. ఒక రైతు రాశి ఎక్కడ అయిపోయి ఇంకొకరిది ఎక్కడ మొదలవుతుందో వాళ్లకే తెలియాలి. ఆరబోసిన వడ్లని గంటగంటకీ తిరగేయాలి. ఆ పని ఆడవాళ్లు కాళ్లతో చేస్తారు. చెప్పులు విడిచి, పాదాలు వడ్లలో దూర్చి, నాగలి చాలు తీసినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తారు. చెప్పుల కింద గింజ నలుగుతుందట. పైన సూర్యుడు, కింద కాగిన వడ్లు.

ఆ పని చేసే పన్నెండుమంది గుంపుకి పెద్ద సాయవ్వ. యాభై ఏళ్లుంటాయి, మాట కరుకు, చెయ్యి పెద్దది. తన రొట్టెలో సగం విరిచి, అడక్కుండానే నా చేతిలో పెట్టింది. ఆమె చెల్లెలు గంగమణి మాత్రం రేకుల నీడలో కూర్చుని సంచులు కుడుతోంది. నిరుడు ఇదే రోడ్డు మీద, లింగారెడ్డి గారి వడ్లు తిరగేస్తూ మధ్యాహ్నం ఒంటిగంటకి కూలబడిపోయిందట. ఆయనే తన బండిలో బాన్సువాడ దవాఖానకి తీసుకెళ్లి, రెండు రోజులు అక్కడే ఉండి ప్రాణం దక్కించారు. అప్పటి నుంచి ఎండలో నిలబడితే ఆమెకి కళ్లు తిరుగుతాయి.

ఆ రోజు పదకొండింటికి సాయవ్వ కాళ్లు దులుపుకుని రోడ్డు దిగింది. ఆమె వెనకే మిగతావాళ్లూ. రైతులు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు.

"పటేలా, రేపటి సంది పొద్దుగాల ఐదున్నరకు వస్తం, పదకొండుకు పోతం. ఎండ మస్తు పెరిగింది. మాతోని అయితలేదు," అంది లింగారెడ్డి గారితో.

"ఎండ ఏడ పెరిగింది సాయవ్వా? మీ అవ్వ కాలంల గిదే ఎండ. ఆమె పొద్దుగూకేదాక జేసింది."

"మా అవ్వ ఎంత కాలం బతికిందో గది గూడ చెప్పు."

అందరూ నవ్వారు, లింగారెడ్డి గారు కూడా. తరవాత ఆయన గొంతు మారింది. "మీరు పదకొండుకు పోతే పన్నెండుకు, ఒంటిగంటకు ఎవలు తిప్పుతరు? మీది గింజ ఎండి పగులుతది, కింద పచ్చిగనే ఉంటది. మిల్లుకు పోతే అంత నూకనే."

"పలచగ పోయిండ్రి. పలచగ పోస్తే పగటిపూట తిప్పే పని ఉండది. జాగ చాలకపోతే ఇంకో నాలుగు పరదాలు తెప్పియ్యిండ్రి. సత్యనారాయణ సారు గట్లనే పోసిండు గదా."

మా మరిది పలచగా పోయించారన్నది నిజమే. మరి ఆయన పని వరకూ పదకొండింటికి ఆపేస్తే సరిపోదా అని నాకు అనిపించింది. ఆ మాటే అడిగాను. సాయవ్వ తల అడ్డంగా ఊపింది. వాళ్ల గుంపు పద్ధతి అది కాదు. ఆ తూము కింద రైతులందరి పనీ ఒకే టైముకి మొదలుపెట్టి ఒకే టైముకి ఆపుతారు. "ఒకనికాడ ఒక తీరు, ఇంకొకనికాడ ఒక తీరు జేస్తే, గుంపు పల్గుతది టీచరమ్మా. పేదోళ్లు పైసల కోసం ఎండకు పోతరు, మిగిలినోళ్లు నీడకు పోతరు." లింగారెడ్డి గారు ఒప్పుకుంటే మిగతా రైతులు ఒప్పుకున్నట్టే. ఆయన కాదంటే పన్నెండుమందీ మళ్లీ ఒంటిగంట ఎండలోకి వెళ్లాలి, లేదా పని వదులుకోవాలి.

"నిరుడు గంగమణికి అయ్యింది సూడలేదా?" అంది సాయవ్వ.

లింగారెడ్డి గారు ఒక్కసారిగా మొండికేశారు. "గది ఎండ కాదు. పొద్దుగాల తినకుండ వచ్చింది, కండ్లు తిరిగినై. అందరికి ఎరుకే."

సాయవ్వ చెల్లెలి వైపు చూసింది. గంగమణి సంచి మీదికి ఇంకా వంగి కుట్టుకుంటోంది.

"అయితే నేను డోంగ్లి దిక్కు పోయి గుంపును తెచ్చుకుంట," అన్నారు లింగారెడ్డి గారు. అక్కడున్న రైతుల్లో ఇద్దరు తమకీ కావాలన్నారు. సాయవ్వ మొహం చూడలేకపోయాను. సీజనంతా కలిపి మూడు వారాలు. ఆ మూడు వారాల పని పోతే వాళ్లకి వానలదాకా మరో పని లేదు.

దారి కాని దారి

"డోంగ్లి చూస్తవా టీచరమ్మా?" అని అడిగితే వెంటనే సరేనన్నాను. ఆయన పక్షమని కాదు. ఊళ్లు చూడాలన్న ఆశ. దారిలో ఎలాగైనా మనసు మార్చొచ్చన్న టీచరు బుద్ధి కూడా కొంత ఉంది.

నాలుగో రోజు పొద్దున్న అయిదున్నరకి ట్రాలీ ఆటోలో బయల్దేరాం. ఆయనే నడిపారు. బండి డోంగ్లి వైపు కాకుండా నస్రుల్లాబాద్ వైపు తిరిగింది. ఎందుకని అడిగితే, "డోంగ్లికి తొవ్వ గిటు కాదు, కల్లుకు తొవ్వ గిటే" అన్నారు. పొలాల మధ్య ఒక తాటివనం దగ్గర ఆపారు. చెట్టు దిగిన గీత కార్మికుడు, లింగారెడ్డి గారు "గౌడన్న" అని పిలిచే మనిషి, నాకు మర్యాదగా తాటాకు దొన్నెలో పోసి ఇచ్చాడు. జీవితంలో మొదటిసారి. మావారికి చెప్పకూడదనుకుని తాగాను, ఇదిగో ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను. తియ్యగా, కాస్త పుల్లగా, చల్లగా ఉంది.

"ఇంత పొద్దున్నే తాగుతారా మీరు?" అని అడిగాను.

లింగారెడ్డి గారి కంటే ముందు గౌడన్న అందుకున్నాడు. "పటేలు ముందుగాల తొమ్మిదింటికి వస్తుండె అమ్మా. పొలం తిరిగి, నిమ్మలంగ. ఇప్పుడు ఏడు దాటితే పులిసిపోతది. ఇంకొన్నేండ్లకు చెట్టు మీదనే తాగాలె."

నేను దొన్నె చాటు నుంచి లింగారెడ్డి గారిని చూశాను. "మీ టైము మార్చుకున్నారన్నమాట."

ఆయన మూతి తుడుచుకున్నారు. "కల్లు సంగతి వేరే టీచరమ్మా." బండెక్కాక రోడ్డు ఖాళీగా ఉన్నా హారన్ కొడుతూ నడిపారు. అన్నం పెట్టినవాళ్లని ఎక్కిరించినట్టయిందేమోనని నాకూ కొంచెం సిగ్గేసింది. కానీ నవ్వొచ్చింది కూడా.

డోంగ్లి

డోంగ్లి దగ్గర మాట సగం తెలుగు, సగం మరాఠీ. టీ కొట్టులో తెలుగులో అడిగితే మరాఠీలో పోసిచ్చారు, డబ్బులు మళ్లీ తెలుగులో అడిగారు. పది రూపాయలు. అల్లం మాత్రం రెండు భాషల్లోనూ ఘాటుగానే ఉంది.

గుంపు పెద్ద పేరు కాశీబాయి. సన్నటి మనిషి, తొమ్మిది గజాల చీర గోచీ పోసి కట్టింది. వాకిట్లో మంచం వాల్చి మాకు భాకర్ అనే జొన్న రొట్టె, పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ కలిపి దంచిన ఠేచా పెట్టింది. గోదావరి మనిషిని, కారానికి భయమేమిటని పెద్ద ముద్ద పెట్టుకున్నాను. కళ్లలోంచి ధారలు. కాశీబాయి కంగారుపడి, ఎండదెబ్బ అనుకుని తలమీద తడిగుడ్డ వేసింది. ఠేచా అని సైగ చేశాక ఇంటిల్లిపాదీ వచ్చి నన్ను చూసి నవ్విపోయారు.

లింగారెడ్డి గారు మరాఠీలో బేరం మొదలుపెట్టారు. కాశీబాయి అన్నిటికీ తలూపింది. బండి పంపాలంది, సరే. ఉండడానికి చోటు అంది, సరే. ఎక్కువేమీ అడగడంలేదని ఆయన మొహం విప్పారింది. చివరికి ఆమె వేళ్లు చూపిస్తూ ఒక మాట చెప్పింది. అది నాకు కూడా అర్థమైంది.

"అకరా వాజతా కామ్ బంద్."

పదకొండింటికి పని బంద్. లింగారెడ్డి గారు నా వైపు చూడకుండా, ఎందుకని అడిగారు. ఆమె ఆకాశం వైపు చెయ్యి చూపించి, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు, "ఊన్ ఫార్ ఆహే పటేల్‌జీ" అంది. ఎండ ఎక్కువ. తరవాత నాకోసం తెలుగులో మళ్లీ చెప్పింది: "మా దిక్కు రెండేండ్ల సంది గిదే టైం. ఎవలైనా గిదే చెప్తరు. మీ ఊళ్లె ఇంకా కాలేదా?"

ఆమె వాదించలేదు. పాఠం చెప్పలేదు. బస్సులో కుర్రాడిలా ఫోనూ చూపించలేదు. నా చెక్కపెట్టెని తలుచుకుని నేను తలొంచుకున్నాను. ఖాళీ బండితో వెనక్కి తిరిగాం.

పన్నెండున్నర

బీర్కూర్ చేరేసరికి పన్నెండున్నర. రోడ్డు మీద పిట్ట లేదు. సాయవ్వ గుంపు అన్నట్టుగానే పదకొండింటికి వెళ్లిపోయింది. మా మరిది వడ్లు పలచగా, ఎవరి అవసరమూ లేకుండా ఎండుతున్నాయి. లింగారెడ్డి గారివి నిన్నటిలాగే మందంగా ఉన్నాయి. నీడలో గంగమణి ఒక్కతే సంచులు కుడుతోంది.

ఆయన చెప్పులు విడిచారు. పంచె ఎగగట్టి వడ్లలోకి దిగారు. వద్దన్నా వినలేదు. చిన్నప్పుడు తొక్కినవాణ్నే అన్నారు. ఊరికే చూస్తూ ఉండలేక నేనూ దిగాను. నాలుగడుగులు. అయిదోది వేయలేకపోయాను, గంతులేసుకుంటూ నీడలోకి వచ్చిపడ్డాను. పెనం మీద దోసె ఎంతసేపుంటుందో నేనూ అంతసేపే ఉన్నాను. ఆయన మాత్రం ఒక చాలు తీశారు, రెండు తీశారు. మూడోది సగంలో ఆగారు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయారు. నాకు భయం వేసింది. పిలిచేలోపు ఆయనే నెమ్మదిగా నడిచి వచ్చి నీడలో కూలబడ్డారు.

గంగమణి లేచి బిందెలో నీళ్లు తెచ్చి ఆయన పాదాల మీద పోసింది. అరికాళ్లు ఎర్రగా కందిపోయాయి. లోటా అందిస్తే గటగటా తాగారు.

"గంగమణీ," అన్నారు చివరికి. "నిరుడు గా దినం పొద్దుగాల నువ్వు తిన్నవా?"

గంగమణి సూదిలో దారం ఎక్కిస్తోంది. చెయ్యి ఆపలేదు.

"తిన్న పటేలా. రెండు రొట్టెలు తిని వచ్చిన."

"మరి ఎన్నడు చెప్పకపోతివి?"

"నువ్వు అడగలే. డాక్టర్ అడిగిండు, చెప్పిన. నువ్వు నన్ను దవాఖానకు తీస్కపోయినవ్, రెండు దినాలు గాడనే కూసున్నవ్. నలుగురి ముందట నీ మాట అబద్ధం జేసుడెందుకని ఊకున్న. అక్కకు గూడ చెప్పలే."

లింగారెడ్డి గారు తలెత్తలేదు. ఏడాదిగా ఆ ఒక్క మాట మీద ఆయన ఎంత బరువు మోపి నిలబడ్డారో నాకు అప్పుడు అర్థమైంది. ఎండ పెరిగిందని ఒప్పుకుంటే, ఆ రోజు ఒంటిగంటకి గంగమణిని వడ్లలోకి పంపింది తనేనని ఒప్పుకోవాలి. అంకెలకీ పెట్టెలకీ అందని వాదం అది. ఆయన మీద జాలి కలిగింది, నా పాఠాల మీద కొంచెం కోపమూ వచ్చింది.

ఆయన ఫోన్ తీసి సాయవ్వకి చేశారు. చెవి దగ్గర పెట్టుకునే ఓపిక లేక స్పీకర్‌లో పెట్టారు.

"సాయవ్వా, రేపు ఐదున్నరకు రండ్రి. పదకొండుకు పోండ్రి. నాలుగు పరదాలు ఇయ్యాల్నే తెప్పిస్త. మిగిలిన రైతులకు నేను చెప్త."

అవతల సాయవ్వ గొంతు, కరుకుగానే: "ఎండ పెరిగిందని ఒప్పుకున్నవా ఇగ, పటేలా?"

లింగారెడ్డి గారు గంగమణి వైపు చూశారు.

"గది నాకు తెల్వది," అన్నారు. "గంగమణి గా దినం తిని వచ్చింది. గది తెలిసింది."